ఫ్యాషన్ డాల్‌కి నాజీ తరహా యూనిఫాం: కలెక్టర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మిలిటరీ డ్రెస్ వేసిన బొమ్మలు ఎప్పటి నుంచో ఉన్నాయి కదా, ఇప్పుడు కొత్తగా గొడవేంటి?

ఉన్నాయి. 1964లో హాస్‌బ్రో తెచ్చిన జీఐ జో పుట్టిందే సైనికుడిగా. మాటెల్ కూడా 1989లో ఆర్మీ బార్బీని, ఆ తర్వాత వరసగా ఎయిర్ ఫోర్స్, నేవీ, మెరైన్ బార్బీలను అమ్మింది. వాటి మీద పెద్దగా పేచీ లేదు.

పేచీ అంతా ఒకే ఒక్క రకం సెట్ దగ్గర వస్తోంది. ముందుభాగం ఎత్తుగా లేచిన నల్ల టోపీ, దాని మీద పుర్రె, నల్ల కోటు, తొడల దగ్గర ఉబ్బిన ప్యాంటు, మోకాళ్ల దాకా బూట్లు, ఎడమ చేతికి ఎర్ర పట్టీ. బ్లైత్, పుల్లిప్, మొమోకో, జెన్నీ లాంటి 27–31 సెం.మీ. బొమ్మలకు సరిపోయేలా ఇలాంటివి చిన్న వర్క్‌షాపుల నుంచి, ఇంట్లో కుట్టి అమ్మేవాళ్ల నుంచి వస్తుంటాయి. పేరు మాత్రం "గోతిక్ ఆఫీసర్", "డార్క్ కమాండర్" అని ఉంటుంది. కొనేవాళ్లలో సగం మందికి అది దేని నకలో తెలియదు. తెలిసినవాళ్లు ఊరుకోరు.

అది నాజీ యూనిఫామేనని ఎలా గుర్తుపట్టాలి?

టోపీ నుంచి మొదలుపెట్టి కిందికి చూసుకుంటూ రండి. "నల్లగా ఉంది, భయంగా ఉంది" అన్నంత మాత్రాన ఏదీ తేలదు.

టోపీ: పైన రెక్కలు చాచిన గద్ద, దాని కింద పుర్రె ఉంటే అది ఎస్ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) టోపీ. గద్ద కింద ఆకుల దండ, మధ్యలో గుండ్రటి బిళ్ల ఉంటే నాజీ కాలపు సాధారణ సైన్యానిది.

కాలర్: ఎస్ఎస్ కోటుకు బొమ్మ కుడివైపు కాలర్ మీద రెండు మెరుపు గీతలు, ఎడమవైపు ర్యాంకు చుక్కలు. సాధారణ సైన్యానికి రెండు వైపులా ఒకేలా ఉండే జంట పట్టీలు.

గద్ద ఎక్కడుంది: ఎడమ భుజం కింద చేతి మీద ఉంటే ఎస్ఎస్, కుడి ఛాతీ మీద ఉంటే సైన్యం. నకలు కుట్టేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే, రెండు చోట్లా పెట్టేస్తారు. అలా కలగాపులగంగా ఉంది కాబట్టి "ఇది నిజం యూనిఫాం కాదు" అని వాదించేవాళ్లున్నారు. నకలు సరిగ్గా కొట్టలేకపోవడం వేరు, నకలు కాకపోవడం వేరు.

చేతిపట్టీ: ఎర్ర గుడ్డ, తెల్ల వృత్తం, నల్ల గుర్తు. వృత్తంలో హుక్ క్రాస్ (నాజీల స్వస్తిక్) బదులు పుర్రెనో, గులాబీనో, ఎక్స్ గుర్తునో పెట్టి అమ్మడం మామూలైపోయింది. నిజం పట్టీ వెడల్పు సుమారు 10 సెం.మీ., ఈ బొమ్మల ఆరో వంతు స్కేలులో 1.7 సెం.మీ. అవుతుంది. రంగుల అమరిక, కొలత, చెయ్యి అన్నీ సరిపోయి గుర్తు ఒక్కటే మారిందంటే, కుట్టినవాళ్లకు తెలిసే కుట్టారనుకోవచ్చు.

ఛాతీ మీద ఏటవాలు బెల్టు, బ్రీచెస్ (తొడల దగ్గర ఉబ్బిన ప్యాంటు), పొడవు బూట్లు ఒక్కటి చూసి నిర్ణయించకండి. బ్రిటిష్ ఆఫీసర్ల దగ్గర్నుంచి గుర్రపు పోలీసుల దాకా అందరూ వేసుకున్నవే అవి.

అమ్మే అతను "ఇది ట్యాంకు దళం డ్రెస్, ఎస్ఎస్ కాదు" అంటున్నాడు. నిజమేనా?

నిజం కావచ్చు. జర్మన్ ట్యాంకు సిబ్బందికి 1930ల మధ్య నుంచి నల్ల యూనిఫాం ఉండేది, కాలర్ మీద చిన్న పుర్రె కూడా ఉండేది. ట్యాంకులో నూనె మరకలు కనబడకుండా నలుపు, పుర్రె పాత అశ్వికదళం నుంచి వచ్చింది. కానీ ఆ కోటు నడుము దాకా పొట్టిగా, రెండు వరసల గుండీలతో ఛాతీ మీద అడ్డంగా మూసుకుంటుంది. టోపీ సాధారణంగా మెత్తటిది, ప్యాంటు వదులుగా చీలమండ దగ్గర బిగించి ఉంటుంది. మీ బొమ్మకి తొడల దాకా పొడవు కోటు, మధ్యలో ఒకే వరస గుండీలు, తెల్ల చొక్కా, నల్ల టై ఉంటే అది ట్యాంకు దళానిది కాదు. 1932లో ఎస్ఎస్ కోసం తయారైన నల్ల దుస్తు అది.

ఇంకో రెండు సాకులు వినిపిస్తుంటాయి. మొదటిది, "తూర్పు జర్మనీ సైన్యం". 1956 నుంచి 1990 వరకు ఉన్న ఆ సైన్యం కోటు కోత, కాలర్ పట్టీలు పాత జర్మన్ పద్ధతిలోనే ఉండేవి. కానీ రంగు బూడిద, టోపీ మీద సుత్తి–కంపాస్ గుర్తు, గద్ద ఉండదు. రెండోది, "ప్రష్యా హుస్సార్లు", అంటే పాత జర్మన్ రాజ్యం ప్రష్యా అశ్వికదళం. పుర్రె వాళ్లకూ ఉంది, 18వ శతాబ్దం నుంచే ఉంది. అయితే హుస్సార్ కోటుకు ఛాతీ నిండా అడ్డంగా తాడు అల్లిక ఉంటుంది, నెత్తిన బొచ్చు టోపీ ఉంటుంది. ఆ అల్లిక లేకుండా పుర్రె ఒక్కటే చూపించి హుస్సార్ అంటే నమ్మొద్దు.

ఐరన్ క్రాస్ మెడల్ ఉంటే?

1813లో ప్రష్యా రాజు మొదలుపెట్టిన పతకం అది. 1813, 1870, 1914 సంవత్సరాలున్న వాటి మీద నాజీ గుర్తు లేదు. 1939 అంకె, మధ్యలో హుక్ క్రాస్ ఉన్నది మాత్రం హిట్లర్ కాలానిది. ఆరో వంతు స్కేలులో పతకం 7–8 మి.మీ. మాత్రమే ఉంటుంది కాబట్టి భూతద్దం పెట్టి చూడాలి, లేదా ఫోన్ కెమెరా జూమ్ చెయ్యండి. క్రాస్ మాత్రమే ఉంటే దాన్ని పట్టుకుని గొడవ చెయ్యడం అతి.

హుక్ క్రాస్ ఎక్కడా లేదు కదా, ఇంక అభ్యంతరం ఎందుకు?

ఈ ప్రశ్నకు 2016లో జపాన్‌లో జరిగింది చూస్తే చాలు. కెయాకిజాకా46 అనే అమ్మాయిల పాటల బృందం అక్టోబర్‌లో హాలోవీన్ కచేరీకి నల్ల గౌన్లు, భుజాల మీంచి కేప్, గద్దను పోలిన గుర్తున్న ఎత్తు టోపీలు వేసుకుంది. హుక్ క్రాస్ ఎక్కడా లేదు. అయినా యూదుల హక్కుల సంస్థ సైమన్ వీసెంతాల్ సెంటర్ అభ్యంతరం చెప్పింది. సోనీ మ్యూజిక్, నిర్మాత యసుషి అకిమోతో క్షమాపణ చెప్పారు. అదే డిసెంబర్‌లో తైవాన్‌లోని షిన్‌చూ నగరంలో ఒక హైస్కూల్ విద్యార్థులు నాజీ వేషాలతో కవాతు చేస్తే ప్రిన్సిపాల్ రాజీనామా చెయ్యాల్సి వచ్చింది.

అంటే గుర్తు తీసేసినా టోపీ, నలుపు, ఎర్ర పట్టీ, బూట్లు కలిసి ఒకే మాట చెబుతుంటే చూసేవాళ్లకు అర్థమవుతూనే ఉంటుంది. విడివిడిగా ప్రతి ముక్కకీ జవాబు చెప్పొచ్చు, కలిపి చూస్తే చెప్పలేం.

"ఇది ఫ్యాషన్, రాజకీయం కాదు" అనేవాళ్లకి ఏం చెప్పాలి?

ఎస్ఎస్ నల్ల దుస్తు పుట్టింది చూడ్డానికి బాగుండాలనే. దాన్ని గీసిన ఇద్దరిలో కార్ల్ డీబిచ్ చిత్రకారుడు, వాల్టర్ హెక్ గ్రాఫిక్ డిజైనర్. చూసినవాడు భయపడాలి, వేసుకున్నవాడు గర్వపడాలి అన్నది లెక్క. ఆ ఎస్ఎస్ సంస్థే నిర్బంధ శిబిరాలను నడిపింది, అక్కడి కాపలా దళానికి పుర్రె పేరే పెట్టుకుంది. అరవై లక్షల మంది యూదుల హత్యలో దాని చెయ్యి ఉంది. 1946లో న్యూరెంబర్గ్ కోర్టు ఎస్ఎస్‌ని నేరస్థ సంస్థగా ప్రకటించింది. కాబట్టి అందమే దాని రాజకీయం.

"హ్యూగో బాస్ డిజైన్ చేశాడు, అది హై ఫ్యాషన్" అన్న మాట కూడా తిరుగుతుంటుంది. జర్మనీలో మెట్జింగన్‌లోని బాస్ బట్టల ఫ్యాక్టరీ యూనిఫాంలు కుట్టింది, డిజైన్ చెయ్యలేదు. యుద్ధకాలంలో నిర్బంధ కార్మికుల చేత పని చేయించుకున్నందుకు 2011లో కంపెనీ క్షమాపణ చెప్పింది. అమ్మకానికి వాడుకునే పేరు కాదది.

మరి ఆరో వంతు స్కేలు యుద్ధ బొమ్మల్లో జర్మన్ సైనికులుంటారే? వాటిని ఎవరూ ఏమీ అనరే?

అంటారు, కాకపోతే తక్కువ. హాంకాంగ్ కంపెనీలు ఇలాంటివి ఏళ్ల తరబడి తయారు చేస్తున్నాయి. అక్కడ కొనేవాడు ఫలానా సంవత్సరం, ఫలానా దళం, ఫలానా తుపాకీ అని లెక్క కట్టి కొంటాడు. దృశ్యంలో రష్యా మంచు, విరిగిన ట్యాంకు ఉంటాయి. ఫ్యాషన్ డాల్ పని వేరు. దానికి లిప్‌స్టిక్ వేసి, నడుము మీద చెయ్యి పెట్టి, వెనక వెల్వెట్ తెర కట్టి ఫొటో తీస్తాం. సందర్భం తీసేసి సొగసు ఒక్కటే మిగిల్చే పద్ధతి అది. అందుకే అదే కోటు ఒకచోట చరిత్ర నమూనా, ఇంకోచోట వేషం అవుతుంది. యుద్ధ బొమ్మల వైపు అంతా శుద్ధంగా ఉంటుందని కాదు. ఆ ముసుగులో నాజీలను పూజించేవాళ్లు అక్కడా ఉన్నారు. ఒక షెల్ఫు నిండా ఎస్ఎస్ ఆఫీసర్లే ఉండి ఎదుటి పక్షం సైనికుడు ఒక్కడూ లేకపోతే అనుమానించడంలో తప్పు లేదు.

మన ఇళ్లలో గడప మీద, ఖాతా పుస్తకాల మీద స్వస్తిక్ వేస్తాం. దాన్ని కూడా తప్పుపడతారా?

తెలిసినవాళ్లు పట్టరు. మనది నిలువుగా కూర్చుంటుంది, నాలుగు గదుల్లో నాలుగు చుక్కలు ఉంటాయి, పసుపు కుంకుమల రంగు. నాజీలది 45 డిగ్రీలు ఒరిగి, నల్లగా, తెల్ల వృత్తంలో, ఎర్ర నేల మీద ఉంటుంది. 2022లో కాలిఫోర్నియా రాష్ట్రం కూడా చట్టంలో ఈ తేడాను రాసుకుంది.

అయినా ఒక జాగ్రత్త. 2007లో జారా అనే ఫ్యాషన్ దుకాణాల సంస్థ ఒక హ్యాండ్‌బ్యాగ్‌ని దుకాణాల నుంచి వెనక్కి తీసుకుంది. మన దేశంలోని సరఫరాదారు దగ్గర తయారైన ఆ బ్యాగ్ మీద స్వస్తిక్‌లు కుట్టి ఉండటమే కారణం. బొమ్మకి పట్టు లంగా కుట్టి అంచు మీద స్వస్తిక్ వేసి విదేశాలకు అమ్మాలనుకుంటే, వివరణలో ఒక వాక్యం రాయండి, నలుపు–ఎరుపు రంగులు వాడకండి. మిలిటరీ కోటు మీద మాత్రం ఏ రూపంలోనూ వెయ్యొద్దు, అక్కడ ఏ వివరణా పనిచెయ్యదు.

ఇలాంటివి కొనడం, అమ్మడం నేరమా?

జర్మనీలో శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ కింద నిషేధిత సంస్థల గుర్తులను బహిరంగంగా వాడటం, పంచడం, పంచడానికి దిగుమతి లేదా ఎగుమతి చెయ్యడం నేరం. మూడేళ్ల దాకా జైలు లేదా జరిమానా. అసలు గుర్తును పోలి పొరబడేలా ఉన్నవీ ఇందులోకి వస్తాయి. కళ, పరిశోధన, బోధనలకు మినహాయింపు ఉంది, బొమ్మ సొగసుకు లేదు. అక్కడి మోడల్ విమానాల కిట్లలో హుక్ క్రాస్ స్టికర్‌ను రెండు ముక్కలుగా ముద్రించడమో, అసలు ఇవ్వకపోవడమో ఇందువల్లే. ఆస్ట్రియాలో కూడా 1960 నుంచి గుర్తుల చట్టం ఉంది.

మన దేశంలో నాజీ గుర్తుల మీద ప్రత్యేక నిషేధం లేదు. అంతమాత్రాన ఎవరూ పట్టించుకోరని కాదు. 2006లో నవీ ముంబైలో హిట్లర్ పేరుతో తెరిచిన రెస్టారెంట్, 2012లో అహ్మదాబాద్‌లో అదే పేరుతో పెట్టిన బట్టల షాపు, రెండూ యూదుల నిరసన తర్వాత పేరు మార్చుకున్నాయి. "మన దగ్గర యూదులెక్కడ" అనేవాళ్లకు ఒక మాట: గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే యూదు సమాజం ఉంది. వాళ్లు మాట్లాడేది తెలుగే.

ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే ఏమవుతుంది?

ఈబే 2001 నుంచే నాజీ గుర్తులున్న వస్తువులను నిషేధించింది. ప్రకటన తొలగిపోతుంది, మళ్లీ మళ్లీ పెడితే ఖాతా ఆగిపోతుంది. గుర్తుల మీద బ్లర్ వేసి పెట్టడం ఇంకా చెడ్డది, దాచారని రుజువు చేసినట్టే. గుర్తులు తీసేసిన సెట్ అయితే ఆ సంగతి రాసి, కాలర్, ఎడమ చెయ్యి, టోపీ మూడూ దగ్గరగా కనబడే ఫొటోలు పెట్టండి. "అరుదైన జర్మన్ ఆఫీసర్" అన్న మాట ధర పెంచడానికి రాస్తారు. దానికోసం వచ్చే కొనుగోలుదారులు ఎలాంటివాళ్లో ఆలోచించుకోండి.

తెలియక కొనేశాను. కోటు కోత బాగుంది, పారేయాలనిపించట్లేదు. గుర్తులు ఎలా తియ్యాలి?

ముందు బట్టలన్నీ బొమ్మ నుంచి విప్పండి. ఇక్కడ వాడే ద్రవాలేవీ బొమ్మ ఒంటికి తగలకూడదు. తర్వాత గుర్తు ఎలా అతికిందో చూడండి, పద్ధతి దాన్ని బట్టే.

కుట్టినది అయితే లోపలి వైపు నుంచి దారం తెంపాలి. పైనుంచి బ్లేడు పెడితే గుడ్డ తెగుతుంది. సన్నటి కత్తెరతో రెండు మూడు కుట్లకొకటి తెంపి, పైవైపు నుంచి పట్టకారుతో లాగండి. సూది చిల్లులు మిగిలితే ఆవిరి పట్టి గోటితో రుద్దితే చాలావరకు మూసుకుంటాయి.

లోహపు బ్యాడ్జీని సూపర్ గ్లూతో అంటించి ఉంటే, టోపీనో కోటునో జిప్ కవర్‌లో పెట్టి ఫ్రీజర్‌లో రెండు గంటలు ఉంచండి. ఆ జిగురు చలికి పెళుసవుతుంది, చదునైన బ్లేడు దూర్చి తిప్పితే ఊడొస్తుంది. మిగిలిన తెల్లటి పొరకు ఇయర్ బడ్‌తో అసిటోన్ అద్దాలి. నూలు, ఉన్ని గుడ్డలకు మాత్రమే సుమా. ఎసిటేట్ శాటిన్‌కి తగిలితే గుడ్డే కరిగిపోతుంది, రెగ్జిన్ మీది పొర లేచిపోతుంది. గుడ్డ ఏదో తెలియకపోతే లోపలి మడతలో ఒక చుక్క వేసి ఐదు నిమిషాలు చూడండి. హాట్ గ్లూ అయితే అసిటోన్ అక్కర్లేదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంచుల్లో దిగితే పట్టు వదిలేస్తుంది.

ఇస్త్రీతో అంటించిన స్టికర్‌కి బటర్ పేపర్ అడ్డం పెట్టి ఓ మోస్తరు వేడి ఇస్త్రీ పెట్టె 8–10 సెకన్లు ఆనించి, వేడి మీదే ఒక మూల నుంచి ఒలవాలి. ప్లాస్టిక్ టోపీ మీద ముద్రించినదైతే ముందు ఐసోప్రొపైల్‌తో రుద్దండి. పోకపోతే 1500 నంబరు నీటి ఎమరీ పేపర్‌తో తేలిగ్గా గీకి, మ్యాట్ బ్లాక్ యాక్రిలిక్ రెండు పల్చటి పూతలు వెయ్యండి. ఒకే మందపాటి పూత వేస్తే కింద పుర్రె ఉబ్బు అలాగే తేలుతుంది.

అన్నీ తీశాక ఎడమ చేతి మీద పట్టీ ఉన్నంత మేర గుడ్డ ముదురు రంగులో నీడలా మిగలొచ్చు. రంగు వెలిసిపోని భాగం అది, ఉతికితే పోదు. దాని మీద జరీ అంచు కుట్టెయ్యండి.

ఇక్కడితో ఆగితే మాత్రం పని సగమే అయినట్టు. పైన చెప్పుకున్నట్టు ఆకారమే మాట్లాడుతుంది. ఎత్తు టోపీ పక్కన పెట్టి బెరెట్ గానీ బొచ్చు టోపీ గానీ పెట్టండి. నల్ల గుండీలు తీసి మగ్గం వర్క్‌కి అమ్మే 3 మి.మీ. బంగారు రంగు పూసలు కుట్టి, ఛాతీకి అడ్డంగా 2 మి.మీ. తాడుతో ఐదు వరసలు వేస్తే హుస్సార్ కోటు తయారవుతుంది. తాడు ఒక మీటరు కొంటే ధారాళంగా సరిపోతుంది. కొసలు దీపం సెగకు చూపించి మూసెయ్యకపోతే వారంలో పీచు లేస్తుంది. ఇది సింథటిక్ తాడుకే, నూలు తాడుకు ఫెవికాల్ చుక్క అద్దాలి.

నల్ల కోటు తీస్తే బొమ్మ చేతులు, మెడ మీద బూడిద రంగు మరకలు. పోతాయా?

గుడ్డ రంగు బొమ్మ ఒంటి ప్లాస్టిక్ అయిన వినైల్‌లోకి దిగింది. సబ్బుకు పోదు. మందుల షాపులో మొటిమలకు అమ్మే బెంజాయిల్ పెరాక్సైడ్ 5 శాతం జెల్ మరక మీద మందంగా రాసి, ఆరిపోకుండా క్లింగ్ ఫిల్మ్ చుట్టి, కిటికీ దగ్గర వెలుగులో 6–8 గంటలు ఉంచి కడగండి. ఒక్కసారికి పోదు, కొన్ని రోజులు పడుతుంది. మే నెల ఎండలో డాబా మీద పెట్టొద్దు, వినైల్ మెత్తబడి వంగుతుంది. ముఖం పెయింట్ మీద, జుట్టు మీద పడితే వెలిసిపోతుంది. రెజిన్ బొమ్మలకు ఈ పద్ధతి వాడకండి, వాటికి మెలమైన్ స్పాంజ్‌తో పైపైన రుద్దడమే.

పచ్చటి మచ్చలు ఉంటే కథ వేరు. ఇత్తడి బ్యాడ్జీలో రాగి వినైల్‌కి తగిలి వచ్చే పచ్చదనం అది, పాత బార్బీల చెవుల దగ్గర కనబడేదీ ఇదే. ముందు లోహాన్ని తీసెయ్యాలి, లేకపోతే ఎన్నిసార్లు జెల్ రాసినా తిరిగొస్తుంది.

ముదురు రంగు కొత్త గుడ్డ ఏదైనా తొడిగే ముందు తడి తెల్ల నూలు ముక్క మీద పది నిమిషాలు నొక్కి చూడండి. రంగు దిగితే లోపల పల్చటి తెల్ల బాడీసూట్ వేసి తొడగాలి, షెల్ఫులో అలాగే నెలల తరబడి వదిలెయ్యకూడదు. రెగ్జిన్ బూట్లు కోస్తా జిల్లాల ఉక్కకు పొరలు పొరలుగా ఊడతాయి. బూట్లను విడిగా, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టడం తప్ప దానికి మందు లేదు.

మన ఆర్మీ యూనిఫాం కుట్టొచ్చా?

మన బొమ్మకి, మన ఇంట్లో పెట్టుకోవడానికి కుట్టుకుంటే ఎవరూ అడ్డుచెప్పరు. అమ్మకానికైతే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. నాలుగు సింహాల గుర్తును వ్యాపారానికి వాడటాన్ని 2005 చట్టం అడ్డుకుంటుంది, కాబట్టి ఉన్నత ర్యాంకుల భుజం బ్యాడ్జీల మీద దాని బదులు సాదా నక్షత్రం పెట్టండి. జాతీయ జెండాను నడుము కింద దుస్తుల్లో వాడకూడదు. 2022 ఆర్మీ డే నాడు చూపించిన కొత్త డిజిటల్ మచ్చల డిజైన్ మీద హక్కులు సైన్యానివి, దాన్ని ముద్రించి అమ్మొద్దు. సాదా ఆలివ్ గ్రీన్ పాప్లిన్ అరడుగు చాలు ఒక చొక్కాకు. ఈ స్కేలులో కుట్టు మార్జిన్ 5 మి.మీ. మించితే భుజాలు లేచి నిలబడతాయి.

విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌లో ఆపుతారా?

నాజీ గుర్తు ఉందని ఆపడం కన్నా బొమ్మ అని ఆపడమే ఎక్కువ. ఆట బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర తప్పనిసరి. జపాన్ బొమ్మల పెట్టె మీద 15 ఏళ్లు పైబడినవారికి అని ఉంటే ఆ ఫొటో, బిల్లు దగ్గర పెట్టుకోండి. బట్టలు మాత్రమే తెప్పిస్తుంటే బిల్లులో "డాల్ క్లోత్స్, బొమ్మ లేదు" అని రాయించుకోండి.

గ్రూపులో ఎవరైనా ఇలాంటి ఫొటో పెడితే ఎలా స్పందించాలి?

ముందు ప్రైవేటుగా మెసేజ్ పెట్టండి, అదీ గుర్తు చూపించి: "కుడి కాలర్ మీద రెండు మెరుపు గీతలు ఉన్నాయి, అవి ఎస్ఎస్ గుర్తు, చూశారా?" అని. తెలియక పెట్టినవాళ్లు ఆ ఒక్క మాటతో తీసేస్తారు. "నువ్వు నాజీవి" అని మొదలుపెడితే తీసేసే మనిషి కూడా మొండికేస్తాడు. తెలిసే పెట్టానని చెప్పినవాళ్లతో వాదన పొడిగించక్కర్లేదు, అడ్మిన్‌కి చెప్పండి. అడ్మిన్లు "మిలిటరీ దుస్తులు నిషేధం" అని గంపగుత్తగా నియమం పెడితే నేవీ బార్బీ ఫొటో కూడా పోతుంది, వారం తిరక్కుండా ఆ నియమాన్ని ఎవరూ పాటించరు. "నాజీ, ఎస్ఎస్ గుర్తులు, ఎరుపు–తెలుపు–నలుపు చేతిపట్టీ, వాటిని పోలిన పూర్తి సెట్లు వద్దు. చరిత్ర నమూనాలైతే సంవత్సరం, దళం రాసి విడి ఆల్బమ్‌లో పెట్టండి" అని రాస్తే ఎవరు ఏది పెట్టొచ్చో అడగకుండానే తెలుస్తుంది.